నాకొచ్చిన నాలుగక్షరాలు

నాకు ఇంగ్లీషులో వచ్చినవి నాలుగే అక్షరాలు. సౌదీలో, అల్ ఖోబర్ ఊళ్లో, నేను పనిచేసే ఇంటి పక్కింట్లో పనిచేసే కడపావిడ అవి నా అరచేతిలో పెన్నుతో రాసి నేర్పింది.

"ఎగ్జిట్ అంటే ఇదేక్కా. నీ కాగితం మీద ఈ నాలుగూ పడితే ఇంటికి పోతావు. ల్యాకుంటే ఈడనే" అంది.

నా రెండేళ్ల ఒప్పందం ఎప్పుడో ముగిసింది. రూలు ప్రకారం పంపించాలట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, మా బాబా, అంటే ఇంటి యజమాని, ఎగ్జిట్ ముద్ర మాత్రం కొట్టించడు. అడిగితే "బుక్రా" అంటాడు. ఆయన రేపు ఎప్పటికీ రేపే. అక్కడ ఊళ్లో నా కూతురికి ఎనిమిదో నెల వచ్చేసింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. దానికి పుట్టిల్లంటే నేనొక్కదాన్నే.

"అమ్మా, ఎప్పుడొత్తావే? మా అత్త రోజూ అడుగుతాంది" అని ఫోన్లో ఏడ్చింది.

లండన్ వెళ్లొచ్చాక చూద్దామన్నాడు బాబా. తమ మూడేళ్ల కూతుర్ని చూసుకోవడానికి, పోయి తిరిగి రావడానికి మాత్రమే ముద్ర కొట్టించి, వాళ్లు నన్నూ తీసుకెళ్లారు. లండన్ చూశానంటే మా ఊళ్లో కుళ్లుకు చస్తారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. మ్యూజియం తర్వాత మ్యూజియం, పిల్ల బండి తోసుకుంటూ తిరిగాను. తలలు లేని రాతిబొమ్మలకు కూడా అక్కడ అద్దాల గదులున్నాయి. తల ఉన్నదాన్ని, నాకే దిక్కు లేదు.

మూడో రోజు గోడకు వేలాడే ఒక పెద్ద రంగుల బొమ్మ దగ్గర ఆగిపోయాను. అప్పుడే ప్రసవించిన ఆడమనిషి మంచం మీద పడుకుని ఉంది. పక్కన ఒక పెద్దావిడ పసిగుడ్డుకు నీళ్లు పోస్తోంది. ఆ పెద్దావిడ చోట నేనుండాలి కదా అనుకున్నాను. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి.

మామా, అంటే ఇంటావిడ, వెనక్కి వచ్చింది. నా మొహం చూసింది. బొమ్మ చూసింది. తర్వాత వేలెత్తి చూపిస్తూ, "యల్లా! ఎగ్జిట్!" అంది.

ఆడదే కదా, ఆడదాని బాధ తెలిసింది, ఎగ్జిట్ ఇచ్చేసింది అనుకున్నాను. అందరి ముందూ ఆవిడ చేతులు పట్టుకుని ముద్దులు పెట్టేశాను. "షుక్రన్ మామా, షుక్రన్" అంటూ వలవలా ఏడ్చాను. ఆవిడ బిత్తరపోయింది. మళ్లీ వేలు చూపించింది. నా వెనక తలుపు మీద పచ్చ దీపంలో నా నాలుగక్షరాలూ వెలుగుతున్నాయి. మ్యూజియం మూసే వేళయింది, బయటికి నడవమంటోంది, అంతే.

ఆవిడ బాబాకు చెప్పింది. ఇద్దరూ నవ్వారు. వాళ్లతో పాటు పిల్లా నవ్వింది. ఆ ఎగ్జిట్ మాట దాని నోటికి పట్టేసింది.

ఖోబర్ తిరిగొచ్చిన రెండో వారం కూతురు ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది.

"ఆడపిల్లమ్మా. అత్తోరింట్లోనే కన్నాను. నీళ్లు పోయడానికి పక్కింటోళ్లొచ్చారు. నువ్వు కంగారు పడకు."

కంగారు పడొద్దట. ఫోన్ పెట్టేసి వంటింట్లో నేల మీద కూలబడ్డాను. పిల్ల వచ్చి, రోజూ చేసినట్టే వీధి తలుపు వైపు వేలు చూపించి "ఎగ్జిట్! ఎగ్జిట్!" అని గంతులేసింది. రోజూ ఊరుకునేదాన్ని. ఆ రోజు లేచి, అది చూపించిన వైపే నడిచి, తలుపు లాగాను.

తాళం వేసి ఉంది. తాళంచెవి ఎప్పటిలాగే బాబా జేబులో ఉంది.