అమ్మ కింద చేరిన ముయ్యాళ్ళు

మా చిన్నప్పుడు... తెల్లారకముందే అమ్మ కొంగు నడుముకు చుట్టుకుని వాకిట్లో నిలబడేది. ఎక్కడికో వెళ్ళడానికి కాదు. వెళ్ళడానికి చేను ఉంటే కదా... పావగడ దిక్కున సోలార్ పార్కు వచ్చి, మా నాలుగెకరాలూ గుత్తకు పోయిన కొత్తలో మాట ఇది.

ఏటా కౌలులా ఆ గుత్త డబ్బు బ్యాంకులో పడేది. నాన్న కాలు మీద కాలేసుకుని టీవీ చూసేవాడు. అమ్మకే కాళ్ళు నిలిచేవి కావు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేది, కడిగిన చెంబే మళ్ళీ కడిగేది... తల ఎత్తితే కంచె, కంచె లోపల సోలార్ పలకలు, పలకల మీద ఎండ.

"పని లేకుంటే నాకు పిచ్చి పట్టేట్టు ఉండాదే పాపా" అనేది. నాకప్పుడు పన్నెండేళ్ళు.

అంతకుముందు ఇలా ఉండేది కాదు. శెనక్కాయ చేలలో కలుపు రోజులు వస్తే మా వీధి ఆడవాళ్ళంతా ఒక జట్టు. ఇవాళ మా చేనుకు వాళ్ళు వస్తే, రేపు వాళ్ళ చేనుకు అమ్మ వెళ్ళాలి. డబ్బు మాటే ఉండదు. దాన్నే మా వైపు ముయ్యి అంటారు, అలా వచ్చేవాళ్ళు ముయ్యాళ్ళు. ముయ్యి ఎగ్గొట్టిన మనిషికి ఊళ్ళో మంచినీళ్ళు కూడా పుట్టవు... అంత పట్టింపు. ముయ్యాళ్ళలో అమ్మకు అందరికంటే దగ్గర ఎదురింటి లక్ష్మక్క. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి.

అలాంటి రోజుల్లో టౌను నుంచి అమ్మకు తమ్ముడి వరసయ్యే చంద్ర మామ ఓ కంపెనీ బ్యాగు తెచ్చాడు. నిండా సబ్బులు, పేస్టులు, ఏదో పొడి డబ్బాలు.

"ఒట్టినే కూర్చోని ఏం జేస్తావక్కా? నువ్వు చేరు. నీ కింద నలుగుర్ని చేర్చు. వాళ్ళు ఇంకో నలుగుర్ని చేరుస్తారు. నీకు కమిషన్ వస్తానే ఉంటాది."

అమ్మకు కావలసింది కమిషన్ కాదు, పని. చేరిపోయింది.

మామ ఒక్క మనిషిని చేర్చడానికి చెప్పులరిగేలా తిరిగేవాడు. అమ్మ తిరగనే లేదు. వాకిట్లో చాప పరిచి, కలుపుకు పిలిచినట్టే పిలిచింది. లక్ష్మక్కే ముందొచ్చింది.

"నువ్వు పిలిస్తే రాకుండా ఉంటామా సుజాతా? యాడ సంతకం పెట్టల్ల చెప్పు."

ఆమె వెనకే వీధి వీధంతా, ఆపై ఊరంతా చేరింది. సబ్బు వాసనైనా చూడలేదు ఎవరూ.

ఏడాది తిరక్కుండానే అమ్మ కంపెనీలో గోల్డ్ మెంబరు అయిపోయింది. ఇంటికి ఫ్రిజ్జు, నాకు సైకిలు... బెంగళూరులో పెద్ద హాల్లో సన్మానం. ఇంత తొందరగా ఎలా సాధించారమ్మా అని కంపెనీ పెద్దసారు మైకు అమ్మ ముందు పెట్టాడు. "వాళ్ళంతా మా ముయ్యాళ్ళు సార్" అంది అమ్మ. ఆయనకేం అర్థమైందో గానీ, చూశారా లీడర్‌షిప్ అంటే ఇదీ అన్నాడు. హాలంతా చప్పట్లు. నిజం చెబుతున్నా... ఆ రోజు ఆ హాల్లో మా అమ్మంత అందమైన మనిషి లేదు.

మర్నాడు లక్ష్మక్క వచ్చింది. సన్మానం శాలువా తడిమి చూసి మురిసిపోయింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మేమంతా నీ కింద చేరితిమి గదా సుజాతా. ఇంక నువ్వు నా కింద ఎప్పుడొస్తావు?"

అమ్మ నవ్వింది. లక్ష్మక్క నవ్వలేదు.

"ఇది అట్ల కాదక్కా..."

"ఇంకెట్ల? నీ చేనికి మేమొచ్చినాం. మా చేనికి నువ్వు రావల్ల గదా."

అమ్మ అప్పటికప్పుడే మామకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "అట్ల కుదరదక్కా. పైనుండేటోళ్ళు పైనే, కిందుండేటోళ్ళు కిందే. ఆమెనే ఇంకెవురినన్నా చేర్చుకోమను" అన్నాడు మామ నవ్వుతూ. ఎవరిని చేర్చుకుంటుంది? ఊరంతా అప్పటికే అమ్మ కింద ఉంది. చేరేటప్పుడు లక్ష్మక్క డబ్బు పెట్టి కొన్న డబ్బాలు అమ్ముడుపోక ఆమె అటక మీదే ఉన్నాయి.

"అంటే ఇది తిరిగొచ్చే ముయ్యి కాదు" అని లేచి వెళ్ళిపోయింది లక్ష్మక్క. తిట్టలేదు, శపించలేదు. తిట్టినా బాగుండేది...

అమ్మకు తిండి సయించలేదు. లక్ష్మక్కకు గుట్ట కింద గుత్తకు పోని చిన్న నేల చెక్క ఒకటి మిగిలి ఉండేది. అందులో శెనక్కాయ వేసింది. కలుపు ఏ రోజో కనుక్కుని, అమ్మ పాత చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని కొడవలితో బయలుదేరింది. గోల్డ్ మేడం చేలోకి పోతోందేమిటా అని దారిలో జనం నిలబడి చూశారు.

లక్ష్మక్క వద్దనలేదు. "రాండమ్మా" అంది, అంతే. అమ్మ పట్టిన సాలు పక్క సాలు పట్టకుండా, చేను ఆ చివరికి వెళ్ళి కూర్చుంది. పొద్దు గూకేదాకా ఎవరి సాలు వాళ్ళదే. అయినా అమ్మ మొహం తేటగానే ఉంది. ముయ్యి తీరిపోతోందనుకుంది పాపం.

సాయంత్రం అమ్మ చేతులు కడుక్కుంటుంటే లక్ష్మక్క కొంగు ముడి విప్పి, కూలి డబ్బులు అరచేతిలో పెట్టింది.

"ఇదేంది లక్ష్మక్కా... నేను కూలికొచ్చినానా?"

"మన మధ్య ముయ్యి యాడుండాదమ్మా ఇంక? ఎవురి కూలి వాళ్ళకిచ్చేస్తే తీరిపోతాది. పెట్టుకోండి."

ఇల్లు చేరేదాకా అమ్మ ఏడుస్తూనే నడిచింది. అంతగా ఏడవడం నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు మేం టౌన్లో సొంతింట్లో ఉన్నాం. వాకిట్లో కారు. అమ్మకు ఫోన్ చెవి నుంచి దిగదు, ఏయే ఊళ్ళ వాళ్ళో ఆమె కింద చేరుతూనే ఉన్నారు. తొలి వానలు పడి కలుపు రోజులు వచ్చాయంటే మాత్రం మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతుంది... కూర్చోమ్మా అంటే కూర్చోదు. "లక్ష్మక్క చేనికి ఈ తూరి ఎవురు పోతాండారో" అంటుంది.

ఇప్పుడు సాయం చేస్తే చేతిలో డబ్బు పెట్టి పంపేవాళ్ళే అంతా... "నేనొచ్చినా కదా, నువ్వెప్పుడొస్తావు?" అని హక్కుగా అడిగే మనిషి మీకు ఎవరైనా మిగిలారా? ఉంటే ఒక్కసారి వాళ్ళ గురించి రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను.