అమ్మ మొహం కోసం కొన్న లెన్సు

నా చిన్నప్పుడు మా మామిడికుదురులో ఫొటో అంటే తల నుంచి పాదాల దాకా పడాల్సిందే. కాళ్ళు తెగితే డబ్బులు దండగ అనేవారు. చర్చి మెట్ల మీద చుట్టాలందరూ వరసగా నిలబడి, ఊపిరి బిగబట్టి తీయించుకున్న ఫొటోలే ఇంటింటా ఉండేవి. వాటిలో మా అమ్మ ఎక్కడుందో చీర అంచు చూసి పోల్చుకోవాలి.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ కువైట్‌లో ఇంటిపనికి కుదిరింది. వెళ్ళాక అమ్మ మొహం మరిచిపోతానేమోనని నాకు ఒకటే బెంగ. పాస్‌పోర్టుకి తీసిన ఫొటో ఉంది గానీ, అందులో ఆవిడ ఎవరో కోపిష్టి టీచరమ్మలా ఉండేది. ఆ మాట మావయ్యతో చెప్పి ఏడ్చాను. మావయ్య అమ్మకి తమ్ముడు. బడిలో పాఠాలు చెబుతూ, సెలవుల్లో పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసేవాడు.

కెమెరాకి ఇంకో లెన్సు కొనాలని అప్పటికే అనుకుంటున్నాడేమో, నన్ను కూడా అమలాపురం తీసుకెళ్ళాడు. అక్కడ కెమెరాల కొట్టాయన రెండు చూపించాడు. ఒకటి పెళ్ళిపందిరంతా పట్టేది. రెండోదాని అద్దం గేదె కన్నంత ఉంది. అది మసక వెలుతురులోనూ ఒక్క మొహాన్ని చక్కగా పట్టుకుంటుందట, వెనకున్నదంతా అలుక్కుపోతుందట.

"పెళ్ళిళ్ళకి మొదటిదే మంచిదండీ మాస్టారూ" అన్నాడాయన. నేనూ మొదటిదే అన్నాను. నాకు అమ్మ, ఇల్లు, కొబ్బరిచెట్లు, మేక అన్నీ పడాలి. ముఖ్యంగా అమ్మ పక్కన నేను పడాలి.

మావయ్య నావైపు తిరిగి, "పొద్దున్న అమ్మ నీకు పౌడరు రాసింది కదే, అప్పుడు అమ్మ వెనకాల ఏముంది?" అని అడిగాడు. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. అమ్మ మొహం మటుకు కనుబొమ్మ పక్కన పుట్టుమచ్చతో సహా కనబడింది. "ఆయ్, అదే మరి" అని రెండోది తీసుకున్నాడు. ఆ వేసవి పెళ్ళిళ్ళలో దాంతో ఎన్ని అవస్థలు పడ్డాడో నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

సాయంత్రం అమ్మ వంటింట్లో చేపలు కడిగి చేతులు తుడుచుకుంటుంటే కెమెరా ఎత్తాడు. "ఇంత దగ్గరగా అయితే కాళ్ళు పడవేమోరా" అంది అమ్మ. నన్ను పక్కన నిలబెట్టలేదని నేను అలిగి గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ నావైపు చూసింది. సరిగ్గా అప్పుడే నొక్కాడు.

అమ్మ వెళ్ళిపోయాక ఫొటో కడిగించి తెచ్చాడు. నేను లేను కదా అని మొహం తిప్పుకుంటే, నా చేతిలో భూతద్దం పెట్టాడు. అమ్మ కంట్లో తెల్లగా మా గుమ్మం, ఆ గుమ్మంలో చీమంత నల్లగా నేను.

అమ్మ తిరిగొచ్చేసరికి నేను ఓణీలు వేసుకుంటున్నాను. ఆ మధ్య ఏళ్ళన్నీ ఆ ఫొటోతోనే గడిపాను, ఎంత చూసుకున్నా తనివి తీరేది కాదు. ఇప్పుడు అమ్మా లేదు, మావయ్యా లేడు. మొన్న మనవరాలు ఫోన్లో ఏవేవో లెన్సులు చూపించి ఏది కొనను అమ్మమ్మా అంటే, మసక వెలుతురులో ఒక్క మొహాన్ని చూపించేది ఏదో అదే కొనుక్కోమన్నాను. ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా నేను ఇప్పటికీ గుమ్మంలో, వెలుతురు పడేచోట నిలబడతాను. వాళ్ళు ఒక్కసారి తిరిగి చూసేదాకా అక్కణ్ణుంచి కదలను.