సభలో చదివిన పేరు

అసెంబ్లీలో మా అమ్మ పేరు చదివి, సభ్యులంతా లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించిన రోజున మా అమ్మ వాకిట్లో పీట వేసుకుని చింతపండులో గింజలు తీస్తోంది.

తొంభైల చివరి సంగతి. నేను అమలాపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ రోజూ ముక్తేశ్వరం నుంచి బస్సులో వెళ్ళివచ్చేదాన్ని. మా వీధిలో టీవీ ఉన్నది ఎదురింటి టైలరు గారికే. సాయంత్రం వార్తలు ఇంకా అవుతుండగానే టైలరు గారి భార్య పరుగున మా వాకిట్లోకి వచ్చింది.

"వదినగారూ, మీ పేరు చదివేరండీ టీవీలో! ఊరి పేరుతో సహా చదివేరు. మొన్న విమానం పడిపోయింది కదండీ, అందులో పోయిన మనోళ్ళంటండి. అసెంబ్లీలో అందరూ లేచి నించున్నారు. మీరేమో ఇక్కడున్నారు!"

అమ్మ చెయ్యి ఆపలేదు. "అదే పేరు ఇంకెవరికైనా ఉందేమోనండీ" అంది. ఆవిడ వెళ్ళాక చూస్తే, గింజలన్నీ చింతపండులోనే కలిపేసింది.

ఆ పేరు ఇంకెవరిదీ కాదు. అమ్మదే. ఎలా అంటే, అంతకు నాలుగేళ్ళ ముందు అమ్మ కువైట్ వెళ్ళాలనుకుని పాస్‌పోర్టు తీయించుకుంది. మా నాన్న కొబ్బరికాయల దింపు తీసేవాడు. అమ్మ పాస్‌పోర్టు చేతికొచ్చిన నెలలోనే నాన్న చెట్టు మీంచి జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. మంచంలో ఉన్న మనిషిని వదిలి అమ్మ ఎక్కడికి వెళ్తుంది?

పక్కింట్లో ఒకావిడ ఉండేది. రక్తసంబంధం లేదు గానీ అమ్మని అక్కా అని పిలిచేది, నేను పిన్నీ అనేదాన్ని. మొగుడు వదిలేసి వెళ్ళిపోతే, తల్లీ తనూ కొబ్బరిపీచుతో తాడు పేనుకుని బతికేవారు. తనకీ కువైట్ వెళ్ళాలని ఉండేది. కానీ పుట్టినతేదీకి కాగితం లేదు, రేషన్ కార్డులో పేరు లేదు. పాస్‌పోర్టు రాలేదు. కువైట్‌కి మనుషుల్ని పంపే ఏజెంటు ఒకరోజు మా ఇంట్లో కూర్చుని, "ఇక్కడ పాస్‌పోర్టుంది, మనిషి కదల్లేదు. అక్కడ మనిషుంది, పాస్‌పోర్టు లేదు. నేను చూసుకుంటానండీ" అన్నాడు. ఫోటో మార్చేశాడు. అది తప్పని అందరికీ తెలుసు. ఎంత తప్పో మాత్రం ఎవరికీ తెలియదు.

వెళ్ళేరోజున పిన్ని నవ్వుతూ, "అక్కా, నీ పేరు అరిగిపోకుండా తిరిగి తెచ్చిస్తానే" అంది. ఈ సంగతి పిన్ని తల్లికి చెప్పలేదు. నేను ఆవిడని మామ్మా అనేదాన్ని. మామ్మ నోట్లో నువ్వుగింజ నానదు, ఊరంతా చెప్పేస్తుందని భయం. కూతురు తన సొంత కాగితాల మీదే వెళ్ళిందనుకుంది మామ్మ.

విమానం వార్త నేను కాలేజీ లైబ్రరీలో పేపర్లో చదివాను. అయ్యో అనుకుని పేజీ తిప్పేశాను. పిన్ని ఉత్తరం రాసింది, సెలవు మీద వస్తానని. ఎప్పుడొస్తానో రాయలేదు. ఆ రెండిటినీ కలిపి చూడాలని నాకు తట్టలేదు.

టైలరు గారి భార్య వెళ్ళిన కాసేపటికే మామ్మ వచ్చింది. వీధిలో ఎవరో చెప్పారట. అమ్మ గడ్డం పట్టుకుని పకపకా నవ్వింది.

"సచ్చిపోయిందని పుకారొస్తే ఆయుష్షు పెరుగుతాదంటారే. నిండు నూరేళ్ళు బతుకుతావు నువ్వు. అంత పెద్ద సబలో కూకుని, బతికున్న మనిషిని సంపేసేరు సూడు!"

అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఏడుపు వస్తుంటే నవ్విందో, చచ్చింది తను కాదనే ఊరటేదైనా లోపల ఉండి అదలా పైకొచ్చిందో. నాకు మాత్రం అలాంటి ఊరట ఒకటి కలిగింది. వెంటనే దానికి సిగ్గూ వేసింది. రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియక మామ్మకి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

మర్నాడు పొద్దున్న ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి, పిన్ని పనిచేసే ఇంటి నంబరు కలపమన్నాను. ఎవరో ఆడమనిషి తీసింది. ఆవిడ భాష నాకు రాదు, నా ఇంగ్లీషు ఆవిడకి రాదు. నేను పిన్ని పేరు చెప్పాను. ఆవిడకి తెలియలేదు. అప్పుడు మా అమ్మ పేరు చెప్పాను. ఆవిడ మా అమ్మ పేరునే రెండుసార్లు పలికి ఏడవడం మొదలుపెట్టింది. ఫోను పట్టుకుని, ఎవరి కోసం ఏడుస్తున్నదో తెలిసీ తెలియనట్టు నిలబడిపోయాను.

అమ్మకి చెప్పాను. "మామ్మకి ఎవరు చెప్తారు?" అని అడిగాను. రెండు రోజులు అలాగే గడిచాయి. ఈలోగా మామ్మ, కూతురొచ్చేస్తుందని మంచానికి కొత్త నులక అల్లించుకుంటోంది.

మూడో రోజున వి.ఎ.ఓ. గారు వచ్చారు. ఊళ్ళో అందరూ ఇంకా కరణంగారనే పిలిచేవారు. చేతిలో కాగితం.

"ఈ పేరు గలావిడ ఇల్లు ఇదేనాండీ?"

"ఆయ్, ఇదేనండి" అన్నాడు నాన్న మంచం మీంచి లేవబోతూ.

"లేవకండి, లేవకండి. చాలా బాధపడాల్సిన విషయమండీ. సాక్షాత్తూ స్పీకరు గారు చదివేరు. ముఖ్యమంత్రి గారితో సహా అందరూ లేచేరు. ఆ తీర్మానం కాగితం కలెక్టరాఫీసు నుంచి మన ఎమ్మార్వో గారికి వస్తుందండీ. ఆయనే స్వయంగా అందజేస్తారు. మీరేమవుతారండీ ఆవిడకి?"

"బర్తనండి."

అమ్మ లోపలినుంచి టీ తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన అందుకుని, "మరి మీరండీ?" అని అడిగారు.

"ఆ సచ్చిపోయినావిణ్ణి నేనేనండి" అంది అమ్మ.

కరణంగారు టీ తాగనూ లేదు, గ్లాసు కింద పెట్టనూ లేదు. అమ్మ నిలబడే మొత్తం చెప్పేసింది. పాస్‌పోర్టు, ఫోటో, ఏజెంటు, పిన్ని. నాన్న మధ్యలో రెండుసార్లు, "ఊరుకోవే, జైల్లో ఎట్టేస్తారు" అన్నాడు.

"ఎట్టనీండి. పక్కింట్లో దాని తల్లి నులక మంచం అల్లించుకుంటంది. నేనింక సూడలేను."

కరణంగారు గ్లాసు కింద పెట్టి, "అమ్మా, నేనీ మాట విన్నట్టో విననట్టో నాకే తెలీట్లేదు" అని లేచారు. గుమ్మం దాటి మళ్ళీ వెనక్కి వచ్చి, "వచ్చే వారం ఎమ్మార్వో గారి దగ్గరికి ఆ ముసలావిణ్ణి కూడా తీసుకురండి" అని చెప్పి వెళ్ళారు.

అమ్మ అటునుంచి అటే పక్కింటికి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. మామ్మ అరుగు మీద పీచు దువ్వుతోంది.

"దొడ్డమ్మా, టీవీలో చదివిన పేరు నాదే. మనిషి నేను కాదు. చెల్లి" అంది అమ్మ. తర్వాత పాస్‌పోర్టు సంగతంతా చెప్పింది.

మామ్మ ఏడవలేదు. అమ్మ వైపు అనుమానంగా చూసింది. "నీ పేరెట్టుకుని అదెందుకు సస్తదే?" అంది. అమ్మ మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. మామ్మ అంతా విని, "మరి దాని పేరుతో ఎవరు సచ్చేరు?" అని అడిగింది.

"ఎవరూ సావలేదు దొడ్డమ్మా."

"అయితే అది బతికే ఉంది."

అంతే, ఆ మాట మీదే ఉండిపోయింది. శవం రాదన్నారు, గుర్తుపట్టే వీలు లేదన్నారు. కూతురి పేరు ఏ జాబితాలోనూ లేదు. మామ్మ పట్టుకున్న మాటని ఏం చూపించి కాదనాలో మాకు తెలియలేదు. వీధిలో తెలిసినవాళ్ళు కొందరు, తెలియనివాళ్ళు కొందరు. కొందరు పలకరింపుకి మా ఇంటికి వచ్చి అమ్మని చూసి గుమ్మంలోనే ఆగిపోయేవారు. పిన్ని ఇంటికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు.

వారం తర్వాత అయినవిల్లిలో మండలాఫీసుకి వెళ్ళాం. అమ్మ, మామ్మ, నేను. కరణంగారు ముందే చెప్పి ఉంటారు, ఎమ్మార్వో గారు మమ్మల్ని కూర్చోబెట్టారు.

"మీరు చెప్పిందంతా కాగితం మీద రాసివ్వండమ్మా. విచారించి పైకి పంపుతాను. కానీ సభలో చదివిన పేరు మార్చే అధికారం నాకు లేదు" అన్నారు. ఒక కవరు చేతిలో పట్టుకుని, ఇటు అమ్మ వైపు అటు మామ్మ వైపు చూసి, చివరికి లేచి నిలబడి మామ్మ చేతిలో పెట్టారు. "చదువుకున్న పిల్లవి కదా, పెద్దావిడకి చదివి వినిపించమ్మా" అన్నారు నాతో.

మంచి కాగితం. పైన ప్రభుత్వ ముద్ర. బరువైన తెలుగులో రాశారు. ప్రమాదంలో అసువులు బాసిన రాష్ట్రవాసులకు ఈ సభ ప్రగాఢ సంతాపం తెలియజేస్తున్నదని మొదలైంది. పేరు దగ్గరికి వచ్చాను. కంటికి అమ్మ పేరు కనిపిస్తోంది. నోరు పిన్ని పేరు పలికింది. అనుకుని చేసింది కాదు. ఎమ్మార్వో గారు తలెత్తి చూశారు. నేను ఆగకుండా చివరిదాకా చదివేశాను.

మామ్మ నా చెయ్యి పట్టుకుంది. "అందరూ లేచేరా అమ్మా?"

"లేచేరు మామ్మా."

"దాని పేరు ఇనే లేచేరా?"

అమ్మ నా వైపు చూస్తోంది. "ఆయ్" అన్నాను.

అప్పుడు ఏడ్చింది మామ్మ. ఆఫీసు వరండాలో కూలబడి, పనుల మీద వచ్చినవాళ్ళంతా చూస్తుండగా, కూతుర్ని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. అమ్మ పక్కన కూర్చుని ఆవిడ తల తన భుజం మీద పెట్టుకుంది. నేను కాగితం మడతపెట్టాలో, తెరిచి ఉంచాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను. అబద్ధం చెప్పి ఒక తల్లికి కూతుర్ని చంపానా, నిజం చెప్పి ఏడిపించానా? ఇన్నేళ్ళయినా ఈ రెండిట్లో ఏదో తేల్చుకోలేకపోయాను.

తర్వాత పోలీసులు రెండుసార్లు వచ్చి అమ్మని అడిగి రాసుకున్నారు. ఏజెంటు మళ్ళీ ఎవరికీ కనబడలేదు. కేసు అవుతుందని నాన్న చాలాకాలం భయపడ్డాడు గానీ కాలేదు. ఎమ్మార్వో గారు ఏం రాశారో మాకు తెలియదు. దాదాపు రెండేళ్ళకి పిన్ని పేరుతో మరణ ధ్రువీకరణ పత్రం వచ్చింది. సాయమేదో వస్తే మామ్మకే చేరింది. సభలో పేరు దిద్దమని నేను హైదరాబాదుకి అర్జీ రాశాను. అందిందని జవాబు వచ్చింది, ఆపైన ఏమీ రాలేదు. ఆ ఎమ్మార్వో గారికి బదిలీ అయింది. తర్వాతొచ్చినాయనకి మొదటినుంచీ చెప్పబోతే, "ఇంతకీ పోయిందెవరండీ?" అని మూడుసార్లు అడిగారు.

ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. స్కూల్లో పోలింగు. మామ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాం. ముందు మామ్మ ఓటేసి బయట మెట్ల మీద కూర్చుంది. అమ్మ వంతు వచ్చింది. జాబితా చూసే ఆయన వేలు పెట్టి వెతికి, "మీ పేరు కొట్టేసి ఉందండీ. చనిపోయినట్టు రాసేరు" అన్నాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు.

"ఆయ్. అసెంబ్లీలో కూడా చెప్పేరండి" అంది అమ్మ. దెబ్బలాడకుండా బయటికి వచ్చేసింది. మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటే, ఆ తర్వాతి ఎన్నికలకి ఎక్కించారు.

మెట్ల దగ్గర మామ్మ అమ్మ వేలు పట్టుకుని చూసింది. సిరా లేదు.

"ఏవైందే?"

"జాబితాలో పేరు లేదంట దొడ్డమ్మా."

మామ్మ ఇంకోసారి ఆ వేలు తిప్పి చూసింది. "దానికి లేనట్టే నీకూ లేదా?" అంది.

అమ్మ మామ్మని లేవదీసి, చెప్పులు తొడిగింది. ఎండ ముదరకముందే ముగ్గురం ఇంటికి నడిచాం.