అప్పన్న మామయ్యకు చెప్పని మాట

ఈ రోజు పొద్దున ఖిదిర్‌పూర్ బజార్లో మా పక్కింటి అప్పన్న మామయ్య కనిపించాడు. ఓడరేవు డాక్‌లో పనిచేసి రిటైరైన మనిషి. కాలికి కట్టుతో కుంటుతున్నాడు. నన్ను చూడగానే, "ఏటమ్మా, నా నెత్తురు నీ సదువుకి పనికొచ్చిందేటి?" అని నవ్వాడు.

ఒంట్లో కణాలను కాపాడే ఎంజైములు షుగర్ ఉన్నవాళ్లలో ఎలా పనిచేస్తాయి, రక్తనాళాలు పాడవడానికీ వాటికీ సంబంధం ఉందా అన్నది నా పరిశోధన. పోల్చి చూడటానికి షుగర్ లేనివాళ్ల రక్తం కావాలంటే, రెండు నెలల కిందట మామయ్యే ముందుకొచ్చి చెయ్యి చాపాడు. తీరా పరీక్షిస్తే ఆయనకే షుగర్ బాగా ఎక్కువని తేలింది. జాబితాలో ఆయన పేరు కొట్టేసి ఇంకొకరిని వెతుక్కున్నాను. ఆయనకు చెప్పడం మాత్రం మర్చిపోయాను.

చెప్పు కరిచిన పుండు నెలయినా మానలేదట. అప్పటికప్పుడు టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారిలో షుగరుందని చెప్పాను. ఎప్పుడు తెలిసిందో చెప్పలేదు.

డాక్టర్ కట్టు విప్పి చూశారు. కాలికి రక్తం సరిగా అందడం లేదనీ, ఒక వేలు తీసేయాల్సి రావచ్చనీ అన్నారు. "షుగరని ఎప్పుడు తెలిసింది?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే మామయ్య బెంగాలీలో గర్వంగా, "ఈ రోజే డాక్టర్‌బాబూ! మా అమ్మాయే కనిపెట్టింది" అన్నాడు.

నేను తలూపాను.

రేపు ఆయనకు నిజం చెప్పాలి. తిడితే పడతాను. ఏమీ అనకుండా నవ్వేస్తే ఏం చేయాలో తెలియడం లేదు. ఎంజైములు కొలవడం నేర్చుకున్నాను గానీ ఈ మాట ఎత్తడం రావడం లేదు. మీరైతే ఎలా మొదలుపెడతారు?