బట్టీ దగ్గర ఒకళ్ళు

నందిగామలో మా ప్రహరీ గోడ కోసం దింపిన ఇటుకల మీద నిన్న సాయంత్రం పైపుతో నీళ్ళు కొడుతుంటే లేచిన కాలిన మట్టి వాసన నన్ను పెనుగంచిప్రోలుకి, చిన్నప్పుడు మునేటి ఒడ్డున ఇటుకల బట్టీ ఉన్న రోజులకి లాక్కుపోయింది.

డిసెంబరు వచ్చిందంటే మునేటి మీద మంచు, వీధిలో పత్తి మూటల మీద మా గెంతులు, గుమ్మానికో రంగు కాగితాల నక్షత్రం, ఇంట్లో అరిసెల పాకం వాసన, వాటన్నిటి మీదా సన్నగా పరుచుకునే బట్టీ పొగ. ఆ బట్టీలో ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు పనిచేసేవాళ్ళు. వాళ్ళలో మాలతి, ఆమె మొగుడు, నా ఈడు కూతురు కుని సంతకి వచ్చేవాళ్ళు గానీ, ముగ్గురూ కలిసి రావడం నేనెప్పుడూ చూడలేదు. కుని వస్తే వాళ్ళ నాన్న ఉండడు, అమ్మానాన్నలు వస్తే కుని ఉండదు. అది వాళ్ళ ఊరి ఆచారం కాబోలు అనుకునేదాన్ని. బట్టీ యజమానిని మేం బాబాయి అనేవాళ్ళం. చర్చి గోడకి ఇటుకలు ఊరికే ఇచ్చిన మనిషి, కనిపిస్తే నిమ్మతొనల బిళ్ళలు చేతిలో పోసేవాడు.

ఆ ఏడు క్రిస్మస్ ముందు మాలతి మా బోరింగు దగ్గర కూలబడి ఏడ్చింది. వాళ్ళ ఊళ్ళో తల్లి చావుబతుకుల్లో ఉందట, పని తీరేదాకా కదలడానికి లేదన్నారట. బడిలో టీచరుగా చేసే మా అమ్మ ఆమెని లేపి మొహం కడిగించింది. పండగనాడు ఆరాధనయ్యాక, చర్చి ముందు అందరూ ఉండగా బాబాయిని అడిగింది.

"మాలతి వాళ్ళని ముగ్గుర్నీ భోజనానికి పంపండి."

"ఒకళ్ళు ఉండాలి కదా టీచరమ్మా, నిప్పు చూసుకోవాలి."

"కుని చూసే నిప్పేగా, ఈ పూటకి మా పిల్ల చూస్తుందిలెండి."

అందరూ నవ్వారు. బాబాయికీ నవ్వక తప్పలేదు.

అలా నేను కొత్త గౌను వేసుకుని, కుని కూర్చునే పీట మీద ఎంతో గొప్పగా కూర్చున్నాను. నిప్పు చూడ్డానికి అక్కడ వేరే మనుషులున్నారు. మరి కుని ఇన్నాళ్ళూ ఏం చూసేదో నాకర్థం కాలేదు.

పొద్దు వాలినా వాళ్ళు రాలేదు. అమ్మ ఒక్కతే వచ్చింది. బాబాయి కేకలేస్తుంటే, "భోంచేసి బయల్దేరారండి, ఇక్కడికే అనుకున్నా" అని నా చెయ్యి పట్టుకుంది. టీచరమ్మ కూతుర్ని, నన్ను ఆపడానికి లేదు కదా. ఇంటికొచ్చి చూస్తే అరిసెల డబ్బా ఖాళీ, నా స్వెట్టరు లేదు.

కూలీలకి ముందిచ్చిన అడ్వాన్సు తీరేదాకా, పారిపోకుండా ఇంటికో మనిషిని అలా బట్టీలో పట్టి ఉంచుతారని నాకు తెలిసింది పెద్దయ్యాకే. అబద్ధమాడితే బెత్తం తీసే అమ్మ అన్నీ తెలిసే చేసిందా? బిళ్ళలు పోసిన చెయ్యీ, కునిని ఆపిన చెయ్యీ ఒకటేనా? మాలతి తల్లిని చూసుకోగలిగిందా? అడుగుదామంటే అమ్మ లేదు. బట్టీ ఉన్నచోట ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు, మునేటి మీద ఆ పొగ కూడా లేదు.

నిన్న ఇటుకలు దింపిన భార్యాభర్తలూ ఒడిశావాళ్ళే. టీ ఇస్తూ, పిల్లల్లేరా అని అడిగాను.

"పాప ఉందమ్మా. బట్టీ దగ్గర."

"క్రిస్మస్‌కి ముగ్గురూ భోజనానికి రండి మరి."

ఆమె మొగుడి వంక చూసింది.

"ఒకళ్ళు ఉండాలి కదమ్మా" అన్నాడతను.

ఆ పాపకి బదులు పంపడానికి మా అమ్మకైతే నేనున్నాను, నాకెవరూ లేరు. తడిసిన ఇటుకల మీదే మళ్ళీ నీళ్ళు కొడుతూ నిలబడిపోయాను.