ఇరవై ఏడు డిగ్రీలు

ఎర్రగుంట్లలో నాపరాళ్ళు పాలిష్ పట్టే పనికి పోయి పోయి మా నాయన ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టినాము. కరెంటు పోతే ఆయన పానం పోయినట్టే. ఆ పాడు కరెంటేమో ఎండాకాలం పగలంతా పోతానే ఉండె. అందుకని ఇంజినీరింగ్ చదివే మా అన్న చలికాలంలోనే సొంతంగా ఒక ఇన్వర్టరు తయారు చేసినాడు. ముందు దాని నమూనాను కంప్యూటర్లో నడిపి చూసి, తర్వాతే బోర్డు మీద బిగించినాడు. "మావాడు చేసినాడప్పా" అని నాయన వచ్చినోళ్ళందరికీ చూపిచ్చేవాడు.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఒక మధ్యాన్నం కరెంటు పోయింది. రేకుల గదిలో ఇన్వర్టరు కాసేపు నడిచి ఠప్పుమనింది. గదంతా పొగ. అన్న ఇంట్లో లేడు. ఆటో వచ్చేలోపల నాయన నా చేతుల్లోనే పోయినాడు. ఆ ఆటోవాని మీద, కరెంటోళ్ళ మీద, దేవుని మీద నాకిప్పటికీ మంటే.

పెద్దదినం కర్మ అయిపోయినాక, ఇన్వర్టరు ఎందుకు కాలిందో తేల్చాలని అన్న మళ్ళీ ఆ నమూనా తెరిచి కంప్యూటర్ ముందర కూర్చున్నాడు. అన్నం లేదు, నిద్ర లేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు.

"ఇందులో పైనొక ట్రాన్సిస్టరు, కిందొకటి. కరెంటుకు తలుపుల మాదిరి. ఒకటి తెరిస్తే ఇంకోటి మూసుకోని ఉండాల. పైది ధడాల్న తెరుచుకుంటే కిందది అదురుతాది, పక్కింటి తలుపు కొట్టుకుంటే మన తలుపు అదిరినట్టు. ఆ అదురు ఈ గీత దాటితే, ఎవరూ చెప్పకుండానే కిందది తెరుచుకుంటాది. రెండూ ఒక్కసారి తెరుచుకుంటే కాలిపోతాయి. కానీ చూడు, యాడ దాటింది?"

నిజమే. తెర మీద ఆ అదురు చిన్న బొడిపె మాదిరి గీత కిందనే ఉండాది.

నాకేం తెలుసు! మూలనున్న అంకె చూసి ఊరికే అడిగినా. "ఈ ఇరవై ఏడు ఏందన్నా?"

"వేడి. మనం చెప్పకపోతే కంప్యూటరే అంత వేసుకుంటాది."

"ఇరవై ఏడా? ఎండాకాలంలో మనింట్లో యాడుండాదన్నా అంత చల్లదనం?"

అన్న మొగం పాలిపోయింది. రేకుల కింద, ఆ డబ్బా లోపల ఎంత కాగుంటాదో లెక్కేసుకుని, కొత్త అంకె కొట్టినాడు. వేడికి గీత కిందికి దిగింది. బొడిపె దాన్ని దాటేసింది.

"నాయనను నేనే సంపినా పాపా" అన్నాడు.

నా నోరు పడిపోను, ఎందుకడిగినానో! "కాదన్నా, ఆ పొద్దు మిషను నడిచినా నాయన దక్కేవాడు కాదని డాక్టరు చెప్పినాడు" అన్నా.

డాక్టరు ఆ మాట అనలేదు. అది అన్నకూ తెలుసు. అయినా తలూపినాడు. మళ్ళీ ఇరవై ఏడు కొట్టి, గీత కింద అణిగిపోయిన ఆ బొడిపెను చూస్తా కూర్చున్నాడు.