చీకటింటికి పెద్ద లెన్సు

గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో నల్లమ్మను అందరూ పిరికిది అనేవాళ్ళు. ఇంజన్ల కూతల మధ్యే పుట్టి పెరిగినా, దగ్గర్లో కూత వినిపిస్తే ఉలిక్కిపడేది. భర్త యేసన్న ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్. అతను డ్యూటీ దిగి వచ్చి, వాకిట్లో నిలబడి పేరు చెప్పందే తలుపు గడియ తీసేది కాదు.

అటువంటి మనిషి చేతికి కెమెరా వచ్చిందంటే కారణం ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు భార్య. నల్లమ్మ పెళ్ళికి ముందు నుంచీ వాళ్ళింట్లో ఆయాగా పనిచేసేది. ఆ దొరసానికి ఫోటోల పిచ్చి. స్నానాలగది కిటికీకి దుప్పటి కట్టి, చీకట్లో ఫిల్ము కడగడం, ఎర్ర బల్బు వెలుతురులో కాగితం మీద బొమ్మ తేల్చడం నల్లమ్మకు నేర్పింది. ఆ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ తమ పాత రేంజ్‌ఫైండర్ కెమెరాను ఆమెకే ఇచ్చిపోయింది. దాని పైభాగాన ఒక చిన్న కిటికీ. అందులోంచి చూస్తే ఎదుటి మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు చుట్టూ ఉన్న పట్టీని తిప్పుతూ పోతే ఆ రెండు బొమ్మలూ దగ్గరై ఒకటవుతాయి. అప్పుడు మీట నొక్కాలి.

అయితే సామాన్లు సర్దే హడావుడిలో లెన్సు కిందపడి పగిలింది. లెన్సు లేని కెమెరా చాలాకాలం ట్రంకుపెట్టెలోనే పడి ఉంది. క్వార్టర్లలో ఆడవాళ్ళు మాత్రం ఆమెను వదల్లేదు. స్టూడియోలో పరాయి మగవాడు గడ్డం పట్టుకొని మొహం తిప్పుతుంటే కూర్చోలేమని, నువ్వయితే మా ఇంట్లోనే, మా వంటింటి గడప దగ్గరే తీస్తావని వెంటపడ్డారు. చివరికి యేసన్న సెలవు పెట్టి ఆమెను బెంగుళూరు తీసుకుపోయాడు.

అక్కడ ఒక ఇరుకు సందులో కెమెరాలు బాగుచేసే ముసలి సాహెబు ఉండేవాడు. కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి, రెండు స్టాండర్డ్ లెన్సులు బల్ల మీద పెట్టాడు. రెండూ మన కంటికి కనిపించినట్టే చూపిస్తాయి, మనిషిని దగ్గరికీ లాగవు, దూరానికీ నెట్టవు అని చెప్పాడు. తేడా వెలుతురు లోపలికి దూరే నోటి వెడల్పులో ఉంది. ఒకటి చిన్నది, తేలిక. రెండోది బరువైంది, నోరు పెద్దది, అంచున సన్నని గీత ఉంది.

సాహెబు కొట్టు తలుపు ఓరగా మూసి, చిన్న లెన్సును ఒక తెల్లకాగితం ముందు పట్టుకున్నాడు. బయట వీధి తలకిందులుగా కాగితం మీద పడింది. సైకిలు మీద పోయే మనిషి మసక నీడలా కదిలాడు. తర్వాత పెద్దది పట్టుకున్నాడు. అదే వీధి, అదే వెలుతురు. కానీ ఈసారి ఎదుటి కొట్టులో వేలాడే దారపు ఉండల రంగులు కూడా తెలిశాయి. మూడింతల వెలుతురు తాగుతుంది ఇది అన్నాడు సాహెబు. కానీ దీనితో ప్రమాదం ఉంది. నోరు పూర్తిగా తెరిచి తీస్తే, సరిగ్గా గురిపెట్టిన చోటే స్పష్టంగా వస్తుంది. కన్ను కుదిరితే చెవి చెదిరిపోతుంది. చేయి వణికే వాళ్ళకు చిన్నదే మేలు.

చేయి వణికే వాళ్ళు అనగానే యేసన్న భార్య వైపు చూశాడు. "చిన్నదే తీసుకుందాం మే. గురి రవ్వంత తప్పినా బొమ్మొస్తాది," అన్నాడు.

నల్లమ్మ రెండింటినీ మళ్ళీ మళ్ళీ కాగితం ముందు పట్టి చూసింది. "ఆడోళ్ళు ఉండేది చీకటిండ్లల్లో కదా. దీనికి ఆడ వెలుతురు చాలదు," అని చిన్నదాన్ని పక్కన పెట్టింది.

రైల్లో దారి పొడుగునా ఆ లెన్సును ఒళ్ళో పెట్టుకొని, తప్పు చేశానేమో అని భయపడుతూనే వచ్చింది. ఇంటికి వచ్చాక తలుపుకున్న మేకును గురిగా పెట్టుకొని, ముందుకు జరిగి, వెనక్కి జరిగి, రెండు మేకుల్ని ఒకటి చేయడం సాధన చేసింది. ఊపిరి బిగబట్టి మోచేతిని దేనికైనా ఆనిస్తే వణుకు ఆగుతుందని తెలుసుకుంది. బాలింతల ఫోటోలు, ముసలి అవ్వల ఫోటోలు తీసింది. ఆమె పేరు క్వార్టర్లు దాటి పోయింది.

పంతొమ్మిది వందల అరవై అయిదులో వాన మొహం చాటేసింది. వేరుశనగ విత్తిన చేలు విత్తినట్టే ఎండిపోయాయి. ఆ రోజుల్లోనే ఒక ఉదయం క్వార్టర్ల ముందు జీపు ఆగింది. రాప్తాడు అవతల ఒక పల్లెలో పెద్ద భూస్వామి ఎర్రన్న పంపిన జీపు. ఇంట్లో ఆడమనిషికి ఫోటో తీయాలని, మగవాళ్ళను లోపలికి రానివ్వరని, నల్లమ్మే రావాలని డ్రైవరు చెప్పాడు. యేసన్న డ్యూటీలో ఉన్నాడు. రానని చెప్పే ధైర్యం ఆమెకు లేకపోయింది.

ఎర్రన్న వాకిట్లోనే ఎదురొచ్చాడు. విషయం కొద్ది మాటల్లో చెప్పాడు. తన తమ్ముడు చనిపోయాడు. తమ్ముడి భార్య రామలక్ష్మమ్మ ఇక్కడే ఉంది. కొత్తచెరువులో ఉన్న ఆమె అన్న ఓబులేసు, చెల్లెల్ని సరిగా చూడటం లేదని పెద్దమనుషుల దగ్గర రచ్చ చేస్తున్నాడు. ఆమె చల్లగా ఉందని చూపించడానికి కుర్చీలో కూర్చోబెట్టి ఒక ఫోటో కావాలి. "ఈడ చూసింది ఈడనే మర్చిపోవల్ల," అని ముగించాడు. గొంతు పెంచలేదు. అందుకే నల్లమ్మకు ఇంకా భయమేసింది.

లోపల ఎర్రన్న తల్లి బయమ్మ ఉంది. మీరు ఏ జనమని అడిగింది. నల్లమ్మ కులం తెలిస్తే గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పటికే దాటినందుకు ఏం చేస్తారో తెలియదు. "రైల్వేవాళ్ళం," అంది. బయమ్మ ఆమె ఉతికిన చీరనూ చేతి గడియారాన్నీ చూసి ఇంకేమీ అడగలేదు. పెరటి గుమ్మం బయట పేడ ఎత్తుతున్న పెద్దక్క అనే కూలి మనిషి మాత్రం తలెత్తి నల్లమ్మను నిదానంగా చూసింది. నల్లమ్మ కులం ఆమెకు తెలిసిపోయింది. పెద్దక్క నోరు విప్పితే తన పని అయిపోయిందనుకుంది నల్లమ్మ.

ఆ ఇంట్లో రామలక్ష్మమ్మ సంగతి బయటివాళ్ళకు తెలియనిచ్చేవాళ్ళు కాదు. ముసలి బయమ్మకు ఒంగి చీర కట్టించే శక్తి లేదు. సాయానికి నల్లమ్మనే పిలిచి, వెనక గది తాళం తీసింది. కిటికీ లేని గది. మిద్దె కప్పులో ఉన్న చిన్న కంతలోంచి మాత్రం కాస్త వెలుతురు దిగుతోంది. ఆ వెలుతురు అంచున ఒక ఆడమనిషి గోడకు ఆనుకొని కూర్చుంది. ఆమె కాలికి ఎద్దును కట్టే గొలుసు ఉంది. గొలుసు రెండో కొస గోడలోని ఇనుప కడియానికి ఉంది. చేతుల మీద వాతలు.

దానికి గాలి పట్టిందని, కట్టేయకపోతే బావిలో దూకుతుందని బయమ్మ చెప్పింది. నల్లమ్మ తలూపింది.

ఇంతలో పెరట్లోంచి పెద్దక్క కేక వినిపించింది. ఎనుము తాడు తెంపుకొని గడ్డివాము మీద పడిందట. కరువులో ఆ గడ్డే ఇంటికి ప్రాణం. బయమ్మ తిట్టుకుంటూ పరుగు లాంటి నడకతో పెరట్లోకి పోయింది.

అప్పుడు రామలక్ష్మమ్మ మాట్లాడింది. నిదానంగా, తేటగా మాట్లాడింది. "నాకు గాలీ లేదు, ఏమీ లేదక్కా. మా ఆయన భాగం భూమి రాసిచ్చి ఏలిముద్ర ఎయ్యమంటారు. ఎయ్యనన్నానని ఇట్ల చేసినారు. కొత్తచెరువు ఓబులేసు మా అన్న. నేను చెప్పి పంపినా ఎవరూ నమ్మరు."

నల్లమ్మకు పారిపోవాలనిపించింది. ఆ మాట ఆమే తర్వాత చాలాసార్లు చెప్పింది. కాళ్ళు గడప వైపు తిరిగాయి కూడా. కానీ చేతులు కెమెరా సంచి విప్పాయి.

లెన్సు నోరు పూర్తిగా తెరిచింది. చిన్న కిటికీలోంచి చూస్తే ఇద్దరు రామలక్ష్మమ్మలు, రెండు గొలుసులు. ముఖానికి గురిపెడితే కాలి దగ్గర గొలుసు చెదిరిపోతుంది. గొలుసుకు పెడితే ఎవరి కాలో తెలియదు. నల్లమ్మ గొంతు తగ్గించి, "కాళ్ళు ముడుచుకో తల్లీ. మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకో," అంది. ఆమె అలాగే చేసింది. ముఖం, చేతులు, గొలుసు ఒకే దూరానికి వచ్చాయి. నల్లమ్మ మోచేయి గోడకు ఆనించింది. వణుకు ఆగలేదు. పట్టీ తిప్పింది. రెండు గొలుసులు ఒకటయ్యాయి. ఊపిరి బిగబట్టి నొక్కింది. కెమెరా చప్పుడు చిన్నదే అయినా ఇల్లంతా వినపడ్డట్టు తోచింది. ఫిల్ము జరిపి, కెమెరాను సంచిలో పెట్టే సరికి బయమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

తర్వాత గొలుసు తీశారు. కొత్త చీర కట్టించారు. వాతలు కనపడకుండా కొంగు కప్పి, పట్టపగటి వెలుతురులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఎర్రన్న పక్కనే నిలబడ్డాడు. నల్లమ్మ ఆ ఫోటోలూ తీసింది. వెళ్ళేటప్పుడు పెరటి వైపు చూసింది. పెద్దక్క తల ఎత్తలేదు. ఆమె చేతిలో ఎనుము తాడు ఉంది. తాడు కొస తెగినట్టు లేదు, విప్పినట్టు ఉంది.

ఇంటికి వచ్చి ఫిల్ము కడుగుతుంటే ఇంకో భయం. గురి తప్పి ఉంటే? చేయి వణికి బొమ్మ అలుక్కుపోయి ఉంటే? తడి ఫిల్మును దీపం ముందు పట్టుకుంది. గొలుసు లంకెలు విడివిడిగా కనిపించాయి. ముఖం కూడా. ఆమె నేల మీద కూలబడి ఏడ్చింది. బొమ్మ చెడిపోయి ఉంటే బాగుండునని మనసులో ఒక మూల అనుకున్నందుకు ఇంకా ఏడ్చింది.

మర్నాడు యేసన్న డ్యూటీ నుంచి రాకముందే తలుపు కొట్టిన చప్పుడు. ఎర్రన్నే స్వయంగా వచ్చాడు. కుర్చీ ఫోటోలు తీసుకొని, ఫిల్ము కూడా ఇవ్వమన్నాడు. గొలుసు బొమ్మ మొదట తీసింది కాబట్టి ఫిల్ము తలవైపు ఉండింది. దాన్ని ఆమె అప్పటికే కత్తిరించేసింది. ఆ ముక్క రవికలో ఉంది. మిగతాది ఇచ్చింది. అతను దాన్ని ఎండకు పట్టి, ఒక కొస నుంచి ఇంకో కొసకు చాలాసేపు చూశాడు.

"గదిలో ఏమన్నా తీసినావా?"

"లేదన్నా. ఆడ వెలుతురు చాల్లేదు."

ఎర్రన్న ఆమె మొహంలోకి చూశాడు. రవికలోని ఫిల్ము అంచు గుండెకు గుచ్చుకుంటోంది. ఆమె కదల్లేదు. అతను ఫిల్మును జేబులో పెట్టుకొని వెళ్ళిపోయాడు.

డ్యూటీ దిగి వచ్చిన యేసన్న సంగతంతా విన్నాడు. తర్వాత రైలు పాసు తీసుకొని, ధర్మవరం మీదుగా భార్యను కొత్తచెరువు తీసుకుపోయాడు. ఓబులేసు నడివయసు రైతు. గొలుసు ఫోటో చేతిలోకి తీసుకొని, అరుగు మీద కూర్చుండిపోయాడు. పోలీసుల పై అధికారి దగ్గరికి పోతానని, ఈ ఫోటో ఎవరు తీశారని ఆయన అడుగుతాడని అన్నాడు. చెప్పడం ఇష్టం లేకపోతే తాను బలవంతం చేయనన్నాడు.

యేసన్న భార్య వైపు చూశాడు. నిర్ణయం ఆమెకే వదిలేశాడు. నల్లమ్మ కొంగుతో నోరు తుడుచుకుంది.

"నా పేరు చెప్పన్నా. లేకుంటే దొంగ ఫోటో అంటారు," అంది.

అధికారి ముందు కూడా ఆమె నిలబడి చూసింది చూసినట్టు చెప్పింది. పోలీసులు పోయి గది తాళం తీయించారు. రామలక్ష్మమ్మను అన్న ఎద్దుల బండిలో తీసుకుపోయాడు. మునుపటిలా నడవడం ఆమెకు మళ్ళీ రాలేదు. కానీ భూమి మాత్రం ఆమె పేరుమీదే నిలిచింది.

భయం అక్కడితో పోలేదు. క్వార్టర్ల ముందు జీపు చప్పుడైతే నల్లమ్మ పొయ్యి మీది గిన్నె వదిలేసి వెనక తలుపు దగ్గరికి పోయేది. ఎర్రన్న మనుషులు స్టేషను దగ్గర ఒకటి రెండుసార్లు యేసన్నను ఆపి, ఊరికే పేరడిగి వదిలేశారు. ఆ ఊరికే అడగడమే అన్నిటికంటే భయపెట్టింది. యేసన్న బదిలీ పెట్టుకున్నాడు. హుబ్లీ వైపు వెళ్ళిపోయారు. అక్కడ కన్నడం నేర్చుకుంటూ, మళ్ళీ చీకటిండ్లలో ఆడవాళ్ళ ఫోటోలు తీస్తూ ఆమె బతికింది.

పెద్దక్క గురించి ఓబులేసు ద్వారా కబురు తెలిసింది. పోలీసులు వచ్చిన రోజే ఆమె కుటుంబం ఊరు విడిచి బళ్ళారి వైపు పనులకు పోయిందట. ఎవరైనా వెళ్ళగొట్టారో, తామే తప్పించుకున్నారో ఓబులేసుకు తెలియలేదు. నల్లమ్మ బళ్ళారి వెళ్ళినప్పుడల్లా కరువు పనుల దగ్గర మట్టి మోసే ఆడవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ చూసేది. కెమెరా బయటికి తీసేది కాదు. ఆ రోజు తాడు విప్పిన పెద్దక్క కనపడలేదు.